జింక ఎవరి సొత్తు?

వార్షిక సంచికకు ఒక యాత్రానుభవం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. ఆఫ్రికా యాత్ర అనగానే పాఠకులు సింహగర్జననూ, ఏనుగుల ఘీంకారాన్నీ ఆశించడం సహజం. కాని సింహం ఎట్లా ఉంటుందో మన విద్యార్థులకు నేను వర్ణించి చెప్పవలసిన అవసరం లేదు. అరచేతిలో ఇమిడే ఫోనులో నేడు ప్రపంచంలోని మృగాలన్నీ తిరుగుతున్నవి. అక్కడ నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొన్నది ఒక కంచె. ఆ కంచెను గూర్చీ, దానికి లోపలా వెలుపలా బ్రతికే మనుషులను గూర్చీ, అక్కడి నుంచి మన అనంతపురం మెట్ట నేలల దాకా నన్ను వెంబడించి వచ్చిన ఒక ప్రశ్నను గూర్చీ నాలుగు మాటలు విన్నవించుకొంటాను.

నా చెల్లెలి భర్త దక్షిణాఫ్రికాలోని డర్బను నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన ఆహ్వానంపై 2023 వేసవి సెలవులలో అక్కడికి వెళ్ళే అవకాశం కలిగింది. మనకు మండు వేసవియైన మే మాసం వారికి చలికాలపు ప్రవేశం. డర్బను మన తెలుగువారికి కొత్త ఊరు కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ అనే ఓడ చెరకు తోటల పనికై తొలి కూలీలను ఆ తీరంలో దించింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. తమిళులు, తెలుగువారు, హిందువులు, ముస్లింలు అందరూ వారిలో ఉన్నారు. అక్కడి తెలుగువారు 1931లోనే ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. పరాయి నేలను దున్ని పండించి, ఆ నేలపై తమకంటూ జానెడు చోటు కోసం తరతరాలు పెనుగులాడిన వారి చరిత్ర వేరొక వ్యాసానికి తగిన విషయం. నేల ఎవరిది అన్న ప్రశ్న ఆ దేశంలో అడుగడుగునా ఎదురవుతుందని చెప్పడానికే ఇక్కడ దానిని స్మరించాను.

డర్బను నుంచి ఉత్తరంగా మూడు గంటలకు పైగా కారులో ప్రయాణిస్తే హ్లుహ్లువే అనే చిన్న పట్టణం వస్తుంది. దారి పొడవునా మొదట చెరకు తోటలు, తర్వాత నీలగిరి తోటలు. ఆ పట్టణానికి సమీపంలోని ప్రభుత్వ అభయారణ్యం 1895లో ఏర్పడింది. ఆఫ్రికా ఖండంలోని అతి ప్రాచీనమైన అభయారణ్యాలలో అది ఒకటి. మేము వెళ్ళినది దానికి కాదు. ఆ చుట్టుప్రక్కల వ్యక్తుల యాజమాన్యంలో నడిచే చిన్న అభయారణ్యాలు అనేకం ఉన్నవి. వాటిలో ఒకదానిలో ఒక రాత్రి, రెండు పూటలు గడపడానికి మా వాడు ఏర్పాటు చేశాడు. దాని విస్తీర్ణం నాలుగు వేల ఎకరాల లోపే. మన లెక్కలో ఒక రెవెన్యూ గ్రామమంత.

అడవికి యజమాని ఉండడం, ఆ యజమాని చేతికి మనం రుసుము చెల్లించి లోపలికి పోవడం మనకు వింతగా తోస్తుంది. ఒకప్పుడు ఆ స్థలం పశువులను మేపే క్షేత్రమట. వానలు తప్పి, గడ్డి చాలక, జబ్బులు ముసిరి, పశువులపై పెట్టిన డబ్బు తిరిగి రాకపోవడంతో యజమాని వాటిని అమ్మివేశాడు. తర్వాత వేలంపాటకు పోయి జింకలను, జీబ్రాలను, జిరాఫీలను కొనుక్కొని వచ్చి విడిచిపెట్టాడు. మన సంతలో ఎద్దులను బేరమాడినట్లు అక్కడ అడవి మృగాలను వేలం వేస్తారు. 1991లో ఆ దేశంలో వచ్చిన ఒక చట్టం ప్రకారం, తగిన కంచె వేసుకొన్న భూస్వామికి లోపలి మృగాలపై యాజమాన్య హక్కు ఉంటుంది. మృగం కంచె దాటి పారిపోయినా ఆ హక్కు పోదు.

ఇందులో ఒక చారిత్రక విచిత్రం ఉంది. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో, పశువులకు వచ్చే ‘నగానా’ అనే ఈగ జబ్బుకు వన్యమృగాలే ఆధారమని తలచి, ఇదే జులూలాండ్ ప్రాంతంలో వాటిని వేల సంఖ్యలో కాల్చి చంపారు. ఆవుకు లాభం ఉన్నప్పుడు జింక శత్రువు. జింకకు లాభం వచ్చిన నాడు ఆవే బయటికి నడిచింది. రెండు సందర్భాలలోనూ నిర్ణయించినది మృగంపై ప్రేమ కాదు, లెక్కల పుస్తకం.

తెల్లవారుజామున అయిదున్నరకు పైకప్పు లేని జీపులో బయలుదేరాము. చలికి రెండేసి దుప్పట్లు కప్పుకొన్నాము. జీపు ముందు భాగాన బయటికి అమర్చిన ఒంటి కుర్చీలో జాడలు పట్టే మనిషి కూర్చున్నాడు. ఆయన యాభై ఏళ్ళు దాటిన జులూ పెద్దమనిషి. జులూ భాషలో పెద్దవారిని ‘బాబా’ అని పిలుస్తారు, తండ్రి అని అర్థం. మన ఇళ్ళలో వినిపించే మాటే కావడంతో ఆ పిలుపు నా నోటికి వెంటనే అలవడింది.

వెలుతురు పరచుకొనేకొద్దీ నాకు ఆశ్చర్యం కలిగింది. ఎర్రమట్టి, చీమల పుట్టలు, తుమ్మ జాతి ముళ్ళచెట్లు, మోకాలెత్తు ఎండుగడ్డి. వాన మనకంటె కాస్త మెరుగు అన్నమాటే గాని, ఆ నేలను చూస్తే మన రాప్తాడు నుంచి ధర్మవరం పోయే దారి గుర్తుకు వచ్చింది. అదే నేలలో ఇంపాలా జింకల మంద మెడలు నిక్కించి చూచింది. జిరాఫీ ఒకటి ముళ్ళ మధ్య నుంచి ఆకులను నాలుకతో మెల్లగా దూసుకొని తిన్నది. దారి ప్రక్కన ఆడసింహం ఒకటి మమ్ములను ఏ మాత్రం లెక్కచేయక నిద్రపోతున్నది. చిన్ననాడు పాఠ్యపుస్తకంలో చూచిన బొమ్మలన్నీ లేచి నడుస్తున్నట్లు తోచి మనస్సు పులకరించిన మాట వాస్తవం.

ఆ తర్వాత ఖడ్గమృగం కనిపించింది. తల్లి, దాని వెంట పిల్ల. తల్లికి కొమ్ము లేదు. కొమ్ము ఉండవలసిన చోట రంపంతో కోసిన మోడు మాత్రమే ఉన్నది. దొంగవేటగాండ్రు ఆ కొమ్ము కొరకే ప్రాణం తీస్తారు గనుక యజమానులే మత్తుమందు ఇచ్చి కోయిస్తారట. కొమ్ము మన గోళ్ళ వంటి పదార్థమే. జాగ్రత్తగా కోస్తే నొప్పి ఉండదు, మళ్ళీ పెరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్ది చివరికి ఆ దేశంలో తెల్ల ఖడ్గమృగాలు నూరుకు లోపు మిగిలినవి. ఆ మిగిలినవి ఈ హ్లుహ్లువే పరిసరాలలోనే. 1960 దశకంలో ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి, ఆయన సహచరులు వాటిని పట్టి ఇతర ప్రాంతాలకు తరలించి సంతతిని పెంచారు. నేడు ఆ దేశపు తెల్ల ఖడ్గమృగాలలో సగానికి పైగా ప్రైవేటు యజమానుల భూములలోనే ఉన్నవి. అయినా 2014 ఒక్క సంవత్సరంలోనే అక్కడ 1,215 ఖడ్గమృగాలు దొంగవేటకు బలియైనవి. ప్రైవేటు అభయారణ్యాలను ఒక్క మాటతో కొట్టివేయడానికి వీలులేదని మొదటి లెక్క చెబుతుంది. వాటితోనే సమస్య తీరదని రెండవ లెక్క చెబుతుంది.

ఆ రెండవ లెక్కకు కారణం కొంత నాకు కంచె దగ్గర బోధపడింది. ఎనిమిది గంటల వేళ జీపు ఆపి, బాబా మాకు టీ పోసి ఇచ్చాడు. ఎదురుగా మనిషెత్తుకు మించిన కరెంటు కంచె. దాని ఆవల జొన్నచేలు కాబోలు, కోత అయిపోయిన మళ్ళు, గుండ్రని గుడిసెలు, బక్కచిక్కిన ఆవులు. “మా ఊరు అదే. మా నాయన కాలంలో మా ఆవులు ఈ కంచె ఇవతల కూడా మేసేవి” అన్నాడు బాబా, ఇంగ్లీషులో, ఏ ఉద్వేగమూ లేకుండా. లోపలి జింక చస్తే యజమాని పుస్తకంలో నష్టం వ్రాసుకొంటాడు, మా ఊరి ఆవు చస్తే వ్రాసుకొనే పుస్తకం లేదు అని కూడా అన్నాడు. ఆయన ఊరిలో పదిమందికి ఈ అభయారణ్యంలో కొలువులు దొరికినవి. తక్కిన వారికి కంచె మాత్రమే దక్కింది. అక్కడ మేము గడిపిన ఒక రాత్రికి చెల్లించిన మొత్తం ఆయన నెల జీతంలో పెద్ద భాగమని తెలిసి, చేతిలోని టీ చల్లారిపోయింది.

ఈ చిక్కుముడిని కొంతవరకు విప్పిన ఉదాహరణ కూడా ఆ చుట్టుప్రక్కలనే ఉంది. హ్లుహ్లువేకు ఉత్తరంగా ఫిండా అనే పెద్ద ప్రైవేటు అభయారణ్యం ఉన్నది. జులూ భాషలో ఆ మాటకు ‘తిరిగి రావడం’ అని అర్థం. పశువుల క్షేత్రాలు, అనాస తోటలు, కలబంద జాతి నార తోటలుగా ఉండి నిస్సారమైన నేలను 1991లో అభయారణ్యంగా మార్చి మృగాలను తిరిగి తెచ్చారు. తర్వాత మనుషుల వంతు వచ్చింది. 1913 నాటి భూమి చట్టం మొదలుకొని జాతివివక్ష పాలనలో నేలను కోల్పోయినవారు దానిని తిరిగి కోరవచ్చునని 1994లో ఆ దేశం చట్టం చేసింది. ఆ చట్టం క్రింద 2007లో ఫిండా భూమిలో సుమారు 9,000 హెక్టార్లు మకాసా, మ్నకొబొకాజి అనే రెండు గ్రామ సమాజాలకు దక్కినవి. వారు దానిని దున్నివేయలేదు. అభయారణ్యానికే కౌలుకిచ్చి ఆదాయం పొందుతున్నారు. కంచె ఉన్న చోటనే ఉంది, కాని కంచె ఆవలివాడు ఇప్పుడు భూమిదారు. 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుంచి మన మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి పన్నెండు చీతాలు వచ్చినవి కదా. వాటిలో కొన్ని ఈ ఫిండాలో పుట్టి పెరిగినవే. మన దేశంలో చీతా అంతరించిపోయినదని 1952లో ప్రకటించారు. డెబ్బది ఏళ్ళ తర్వాత దానిని మనం అరువు తెచ్చుకొన్నది ఇటువంటి చోట నుంచి.

సెలవులు ముగిసి తిరిగి వచ్చాను. తరగతిలో ఈ విశేషాలు చెబుతూ ఉండగా, ఉరవకొండ వైపు పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. “సార్, ఆడ జింకలను డబ్బులిచ్చి కొంటారంటిరి. మా రేగడి చేన్లలో జింకలు మందలు మందలు పడి పప్పుశనగ మొలక మొలకంతా మేసిపోతాండాయి. కొట్టగూడదు, పట్టగూడదు. రాత్రంతా మా నాయన చేన్లో పండుకుంటాడు. ఆ జింకలు ఎవరివి సార్?” అన్నాడు. తరగతిలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నది. వేటాడినవానికి కనీసం మూడేళ్ళ జైలు. చట్టాన్ని ఉల్లంఘించి చంపిన జింక గాని, చచ్చి పడి కనిపించిన జింక గాని సర్కారు సొత్తు. ఈ కఠినమైన చట్టం వచ్చి ఉండకపోతే నేడు జింక మన నేలపై మిగిలి ఉండేది కాదు. కాని ఆ బాలుడి తండ్రి అడిగేది వేరు. జింక ప్రాణం దేశానిదైతే దాని మేత ఖర్చు తన ఒక్కడి మీద ఎందుకు పడాలని. దక్షిణాఫ్రికాలో జింకకు కంచె లోపల యజమాని ఉన్నాడు. ఇక్కడ జింకకు కంచె లేదు, యజమాని ఎక్కడో దూరాన ఉన్నాడు, నష్టం మాత్రం చేను గట్టునే ఉంది.

ఈ ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం చాలా దూరం పోనక్కరలేదు. కర్నూలు సీమలోని రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. రక్షణ దొరికినందున అక్కడ కృష్ణజింకలు బాగా పెరిగి, చుట్టూ ఉన్న చేలమీద పడ్డవి. రైతులకు జింక మీద పుట్టిన కోపం అభయారణ్యం మీదికి, దాని నుంచి ఏ పాపమూ ఎరుగని ఆ పిట్ట మీదికి మళ్ళింది. నేడు అక్కడ బట్టమేకపిట్ట కనిపించడమే గగనమైపోయింది. దానికి ఇతర కారణాలు కూడా లేకపోలేదు. అయినా చుట్టూ ఉన్నవాని మనస్సు విరిగిన తర్వాత ఏ కాపలాదారుడూ ఒక పిట్టను కాపాడలేడు.

ఆ విద్యార్థి ప్రశ్నకు పుస్తకంలో జవాబు వెదకడం కంటె చూపించడమే మేలని తలచి, ఆ డిసెంబరులో ఇరవై మంది విద్యార్థులతో కల్పవల్లికి వెళ్ళాను. రాప్తాడు నుంచి బెంగుళూరు రోడ్డు పట్టి చెన్నేకొత్తపల్లి మీదుగా పోతే గంటన్నర ప్రయాణం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో నెలకొన్న టింబక్టు కలెక్టివ్ సంస్థ తోడ్పాటుతో, ముష్టికోవెల మొదలైన గ్రామాల ప్రజలు బోడిగుట్టలుగా ఉన్న ఏడు వేల ఎకరాలకు పైబడిన బంజరును 1990 దశకం తొలినాళ్ళ నుంచి కాపాడుకొంటూ వస్తున్నారు. అక్కడ కరెంటు కంచె లేదు, టిక్కెట్టు లేదు, జీపు లేదు. నడిచి పోవలసిందే.

వారు చేసిన పని చెప్పుకొంటే చాలా చిన్నది. వేసవిలో మంటలు పాకకుండా గడ్డి కోసి బాటలు తీశారు. గొడ్డలి వేటు పడకుండా కాపలా పెట్టుకొన్నారు. అక్కడక్కడ విత్తనాలు చల్లారు. మిగిలిన పని నేల తానే చేసుకొన్నది. మోడులు చిగిర్చినవి. గుట్టల మీద బోదగడ్డి, వంకల వెంట ఈతచెట్లు లేచినవి. వాన నీరు పరుగెత్తిపోకుండా ఇంకి, వాగులై చెరువు చేరింది. ఇంటి కప్పులకు బోద, చాపలకు చీపుర్లకు ఈతాకు, గొర్రెలకు మేత ఊరివారికి దక్కినవి. పిలవకుండానే మృగాలు వచ్చినవి. తోడేళ్ళు, ఎలుగుబంట్లు, చిరుతలు, కృష్ణజింకలు. ఏ ఒక్కదానినీ ఎవరూ వేలంలో కొనలేదు.

మా నడకలో కనబడినవి నెమళ్ళు, కుందేళ్ళు, తడి ఇసుకలో తోడేలు అడుగుజాడలు. ఆఫ్రికా చిత్రాలతో ఊహలు పెంచుకొన్న కొందరు విద్యార్థులకు ఇది చప్పగా తోచి ఉండవచ్చు. అప్పుడు గొర్రెల మందతో ఒక వృద్ధుడు ఎదురైనాడు. తోడేలు గొర్రెపిల్లలను ఎత్తుకపోదా తాతా అని ఉరవకొండ విద్యార్థే అడిగాడు. “పోతాది నాయనా. ఏడాదికి ఒకటో రెండో పోతాయి. దాని పాలు దానికి, మన పాలు మనకు. గడ్డి ఉండాది గదా, మంద పెరుగుతాది” అన్నాడు ఆ తాత. గడ్డి లేని చోట ఆయన ఆ మాట అనగలిగి ఉండేవాడు కాదు. తన పాలు తనకు అందినవాడే తోడేలు పాలును ఒప్పుకొంటాడు. ఆఫ్రికా నుంచి నేను మోసుకొని వచ్చిన ప్రశ్నకు అందిన తొలి జవాబు అదే.

కల్పవల్లి స్వర్గమని నేను చెప్పడం లేదు. ఆ భూమి సర్కారు రికార్డులలో బంజరు. ముప్పయ్యేళ్ళు కాచినవారికి దానిపై పట్టా లేదు. అందువల్లనే 2010 ప్రాంతంలో ఆ గుట్టల మీదికి గాలిమరలు రాగలిగినవి. శిఖరాలను తొలిచి రోడ్లు వేశారు, గడ్డి పోయింది, వాగులలో మట్టి పేరుకొన్నది. వ్యవహారం హరిత న్యాయస్థానం దాకా పోయింది. గాలి నుంచి కరెంటు తీయడం మంచి పనే. కాని కాపాడినవారిని అడగకుండా కాపాడినదానిని వాడుకోవడం ఏ లెక్కన మంచిదో ఆలోచించాలి. ప్రైవేటు, సమాజ భూములలో గ్రామస్థుల పాలనలో అభయారణ్యాలు ఏర్పరచడానికి వన్యప్రాణి చట్టంలో 2002 సవరణ ద్వారా అవకాశం కల్పించారు. కాని బంజరు అన్న ఒక్క మాట క్రింద ఎంత గడ్డి, ఎన్ని ప్రాణాలు ఉన్నా కనబడవు.

ఉర్దూలో మూడు మాటలున్నవి. మిల్కియత్ అంటే సొంత ఆస్తి. సర్కారీ అంటే ప్రభుత్వానిది. అమానత్ అంటే మనకు అప్పగించబడినది, తిరిగి క్షేమంగా అప్పగించవలసినది. తెలుగులో దానినే న్యాసం అంటాము. హ్లుహ్లువేలో నేను చూచిన జింక మిల్కియత్. ఉరవకొండ చేలలోని జింక సర్కారీ. కల్పవల్లి జింక అమానత్‌కు దగ్గరగా ఉంది. అమానత్‌ను కాచేవాడు నష్టపోకూడదని న్యాయం చెబుతుంది. కాచినవానికి కూలి, కోల్పోయినవానికి పరిహారం, నేలపై నిర్ణయంలో మాట, ఈ మూడూ లేకుండా మనం పల్లెవానిని ప్రకృతిని ప్రేమించమని కోరడం అతని కంచంలోని ముద్దను తీసి ధర్మం చేయడమే అవుతుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చేవారు. మీ ఊరి బంజరు ఎన్ని ఎకరాలు, అందులో ఏయే గడ్డి మొలుస్తుంది, ఏ మృగం ఏ నెలలో చేలమీద పడుతుంది, ఎవరికి ఎంత నష్టం జరిగింది అన్న వివరాలు ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి. బాబా చెప్పిన లేని పుస్తకం అదే. అర్జీ పెట్టుకొనేటప్పుడు రైతుకు కన్నీటి కంటె ఆ నోటుబుక్కు ఎక్కువగా ఉపకరిస్తుంది. ఉరవకొండ విద్యార్థి ఇప్పటికే మొదలుపెట్టాడు. ఒక పంటకాలంలో తన తండ్రి ఎన్ని రాత్రులు చేనులో పడుకొన్నాడో తేదీలతో సహా వ్రాసి తెచ్చి నాకు చూపించాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఆఫ్రికా చూడడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఏటేటా ఒక బస్సు ఏర్పాటు చేసి కల్పవల్లికి, రోళ్ళపాడుకు మన పిల్లలను పంపగలిగితే, ఒకచోట ఏమి నిలిచిందో, మరొకచోట ఏమి పోయిందో వారు తమ కళ్ళతో చూస్తారు. బస్సు అద్దె పెద్ద మొత్తం కాదు.